మొక్కు బాకీ

భీవండి పట్టణమందలి గైబీనగర్ సందులలో అడుగిడినవానికి మొట్టమొదట తన మాట తనకే వినబడకుండ పోవును. ఇరుప్రక్కల రేకుల కప్పుల కార్ఖానాలు, ఒక్కొక్క కార్ఖానాలో వరుసకట్టి నిలిచిన సాంచాలను మరమగ్గములు, ఒక్కొక్క సాంచాలో నిమిషమునకు నూరుమారులు ఈ కొసనుండి ఆ కొసకు ఉరుకు నాడె. ఆ మ్రోత చెవికంటె ముందుగా అరికాళ్ళకు తెలియును. శుక్రవారమునాడు మాత్రము ఆ పేట ఊపిరి పీల్చుకొనును. సాంచాలు నిలిచిపోవును, జుమ్మా నమాజు పిలుపు సందు చివరివరకు తేటగా సాగును, పగలనక రాత్రియనక పన్నెండేసి గంటలు నలిగిన పనివారు ఖోలీ గదుల ముంగిట బట్టలుతుకుకొని, పూటకూళ్ళ బిస్సీలో ఆ ఒక్కపూట తీరికగా భుజించి, ఊళ్ళకు ఫోనులు చేసికొందురు.

అట్టి యొక వేసవి శుక్రవారము మధ్యాహ్నమున, కదలక నిలిచిన సాంచాల నడుమ, బోర్లించిన కండెల పెట్టెపై కూర్చుండి, వ్రేళ్ళు మడచుచు తెలుగులో లెక్కలు వేసికొనుచున్న ఒక మనుష్యుని చూచితిని. వయస్సు ఏబది దాటి యుండును. తలలోను కనుబొమలలోను దూది ధూళి అంటియుండుటచే, నెరసిన వెండ్రుక ఏదో నూలుపోగు ఏదో తెలియరాకుండెను. అతని తలపైని గోడకు కార్ఖానా యజమాని వ్రేలాడదీసిన మక్కా బొమ్మ క్యాలెండరు. దానికి జానెడు దిగువను, సాంచా చట్రమునకు అంటించిన చిన్న పటము. కోరమీసముల కొమురవెల్లి మల్లన్న, ఇరువైపుల బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. పటము క్రింద కాగితపు పొట్లములో పచ్చని బండారి, పసుపు పొడి.

భీవండి మన తెలుగువారికి క్రొత్త ఊరు కాదు. ఠాణా జిల్లాలో, బొంబాయినుండి ఆగ్రాకు పోవు రాజమార్గముపై నున్న ఈ పట్టణమునకు తెలంగాణపు పద్మశాలీలు తరతరములుగా వలస వచ్చినారు. పద్మానగర్ అను పేటలో తెలుగు మాట, మార్కండేయుని గుడి, బతుకమ్మ పండుగ నేటికిని నిలిచి యున్నవి. సిరిసిల్లకు సాంచాను తెచ్చినవారును ఈ భీవండి దారిన పోయివచ్చిన నేతవారే. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున బొంబాయి బట్టల మిల్లులలో మొదలైన సమ్మె తీరము చేరక, మిల్లులు ఒకటొకటిగా మూతపడినప్పుడు, అచ్చటి నేతపని చాలవరకు ఈ రేకుల కొట్టములలోనికి తరలివచ్చెను. అది వేరు కథ. నేను చూచిన మనుష్యుడు నేతవాడు కాడు, పద్మానగర్ వాడును కాడు. అతడు మహబూబాబాదు జిల్లా కౌలురైతు. పత్తి వేసి పోగొట్టుకొన్నవాడు. ఏ ఊరి పత్తియో, ఏ మిల్లులోనో నూలై వచ్చి చుట్టుకొన్న కండెలను ఇచ్చట సాంచాలకు అందించుచు, నూలు చుట్టిన బరువైన భీములను భుజముపై మోయుచు, దినకూలితో బ్రదుకుచున్నవాడు.

2024 ఆగస్టు 31న మొదలై మరునాటివరకు మహబూబాబాదు, ఖమ్మము, సూర్యాపేట జిల్లాలపై కురిసిన వాన పాఠకులకు జ్ఞాపకముండును. మున్నేరు ఖమ్మము పట్టణములో జొరబడెను. ఆకేరు గట్లు మీరెను. కేసముద్రము, ఇంటికన్నెల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు ఆధారము లేక గాలిలో వ్రేలాడుట దేశమంతయు చూచెను. ఆ పట్టాలను గురించి పత్రికలలో ఎంతయో వచ్చినది. రాత్రింబగళ్ళు పనిచేసి కొలది దినములలోనే వానిని మరల నిలిపినారు కూడ. ఆ పట్టాలకు కొంత దూరమున, ఆకేటి వాలులో నున్న ఇతని చేనిని గురించి ఏ పత్రికయు వ్రాయలేదు. మృగశిరలో విత్తి, రెండుమారులు గుంటుక తోలి, పూత దాటి కాయ పట్టువరకు బిడ్డవలె కాపాడిన పత్తి యది. నీరు తీసిన పిమ్మట అతడు పోయి చూడగా చేను చేనుగా లేదు, మోకాలిబంటి ఇసుకమేట, ఆ ఇసుకలోనుండి అక్కడక్కడ పత్తికట్టెల కొనలు మాత్రము వ్రేళ్ళవలె పైకి చాచియుండెనట.

విత్తునాడు అతడు కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకొని యుండెను, పంట ఇల్లు చేరినచో పట్నము వేయింతునని. కోస్తా పాఠకులకు ఈ మాట తెలియకపోవచ్చును. రంగురంగుల పొడులతో నేలపై పెద్ద ముగ్గు పరచి, దాని యెదుట ఒగ్గు పూజారులు డోలు మ్రోగించి మల్లన్న కథ చెప్పుచు జరుపు ఆరాధనకే పట్నమని పేరు. సంక్రాంతి మొదలు ఉగాది వరకు జరుగు జాతరలో ఆదివారములందు ఆ గుడి ముంగిలి అంతయు బండారితో పచ్చబడి యుండును. పంట ఇల్లు చేరలేదు. రైతు వలస వచ్చెను. వచ్చినవాడు నాలుగు నెలలు గైబీనగర్‌లో భీములు మోసి, కడుపు కట్టుకొని కూడబెట్టిన కూలి డబ్బుతో, జాతరలో ఒక ఆదివారమునకు కొమురవెల్లి చేరి, పట్నము వేయించి, బోనమెత్తి, మరల రైలెక్కి సాంచాల మ్రోతలోనికి వచ్చి పడెను.

ఇది విన్నప్పుడు నాకు మొదట కలిగినది ఆశ్చర్యము కాదు, కోపము. ఆ డబ్బు ఇంటికి పంపరాదా అని కోపము. అణచుకొని అడిగితిని.

“పంట వస్తే కదా అన్నా పట్నం వేయిస్తానని మొక్కింది? పంటే రానప్పుడు బాకీ ఎక్కడిది?”

అతడు నావంక తేరిపార జూచి, పసివానికి చెప్పినట్లు చెప్పెను. “పంట ఇస్త అని ఆయన అన్లే సారూ. నేనే అడిగిన. మొక్కిన నోరు నాది. నోరు నాదైనంక బాకీ గూడ నాదే గద. అయినా దేవునితోని గట్ల లెక్కలు జేస్తమా?”

“మరి కోపం రాలేదా?”

“ఎందుకు రాలే? గుడి ముంగట నిలబడి తిట్టిన. మస్తు తిట్టిన. ఇంటోళ్ళను తిట్టమా మనం? తిట్టినంక పట్నమేసిన.”

ఎవరో స్వామివారు ఊరికి వచ్చి, ఇదంతయు పూర్వజన్మ కర్మమని చెప్పిపోయినారట. ఆ మాట తలచుకొన్నప్పుడు మాత్రము అతని కనుబొమలు ముడిపడినవి. “పోయిన జన్మల నేనేం జేసిన్నో ఆకేటికెట్ల దెలుస్తది సారూ?”

ఈ మూడు మాటలను నేను ఇల్లు చేరువరకు మననము చేసికొంటిని. దరిద్రుని దైవవిశ్వాసమును గురించి చదువుకొన్నవారము మనము సాధారణముగ రెండు విధముల మాటలాడుదుము. ఒకరు దానిని అజ్ఞానమందురు. పంట పోయినవాడు గుడికి పోయి ధనము వ్యయము చేయుట మౌఢ్యమని, అతనికి విద్య గరపిన తొలగిపోవు జాడ్యమని తీర్పు చెప్పుదురు. వేరొకరు చేతులు జోడించి, ఆహా! ఎంత కష్టము వచ్చినను చెక్కుచెదరని భక్తి, ఇది గదా భారతీయ రైతు సహనమని పొగడి, ఆ పొగడ్తతో తమ బాధ్యత తీరినట్లు నెమ్మది పొందుదురు. మొదటివారిది పొరబాటు. రెండవవారిది పొరబాటు మాత్రమే కాదు, అపచారము. ఏలయన ఇతడు సహించినవాడు కాడు, తిట్టినవాడు. కర్మమని తల వంచినవాడు కాడు. ఆకేటిని సాక్షికి పిలిచి ఆ వాదమును కొట్టివేసినవాడు. అట్టివానిని సహనమూర్తిగా చిత్రించుట అతని నోట గుడ్డ క్రుక్కుటయే యగును.

మన భాష ఈ విషయమున పండితులకంటె స్పష్టముగా నున్నది. మొక్కు చెల్లించుట యందుము. అప్పు చెల్లించుట యందుము. రెండింటికి క్రియ ఒక్కటియే. మొక్కు ‘బాకీ పడుట’ కలదు, ‘తీర్చుకొనుట’ కలదు. వరము కోరు బిచ్చగాని భాష కాదిది. వ్యవహారము నడుపు గృహస్థుని భాష. పల్లె మనిషి దేవునితో సమానస్కంధుడై నిలిచి మాట ఇచ్చును, మాట పుచ్చుకొనును, వాన రాకున్న శివుని గర్భాలయమున కడవలతో నీరు నింపి లింగమును ముంచివేయును, కప్పతల్లి నెత్తుకొని ఇల్లిల్లు తిరుగును, విరాటపర్వము చదివించును. ఇదంతయు దేవునిపై ఒత్తిడి తెచ్చుటయే గాని ఆయన పాదములకడ మూర్ఛిల్లుట కాదు. ఇంత చనువుగల విశ్వాసము పంట పోయినంత మాత్రమున పోదు, ఏలయన అది పంటపై కట్టిన విశ్వాసము కాదు. పంట అడుగుటకు ముందును ఆ సంబంధము కలదు, పంట కొట్టుకొనిపోయిన పిమ్మటను కలదు. తండ్రి ఒక సంవత్సరము బట్టలు కొనిపెట్టలేదని ఇంటిపేరు మార్చుకొను కొడుకుండునా?

ఇతడు వలస వచ్చిన దేశమునందు ఇతని దేవుడును కలడు, ఇదియొక విశేషము. మన మల్లన్నయే మహారాష్ట్రమున ఖండోబా. పూణె జిల్లా జేజూరి కొండపై, కొమురవెల్లిలో వలెనే, భక్తులు పసుపును గుప్పిళ్ళతో ఎగజల్లుదురు. అచ్చటి మాటలోను ఆ పసుపు భండారాయే. మనవైపున మేడలమ్మ, కేతమ్మలు. అచ్చట మ్హాళసా, బాణాయీలు. గొర్రెలకాపరులు, రైతులు, తమ మందలతోను విత్తులతోను ఈ దేవుని దక్కనంతట త్రిప్పుకొన్నారు. భాషలు మారినచోట పేరు మార్చుకొన్నాడు గాని పసుపు మార్చుకొనలేదు.

ఇక తిట్టుట యన్నంతనే నాకు తుకారాము జ్ఞాపకము వచ్చినాడు. దేహూ గ్రామమున కుణబీ కులమునందు జన్మించి, చిన్న వర్తకము చేసికొనుచుండిన ఆ గృహస్థుని 1630 ప్రాంతపు దక్కను మహాక్షామము తుడిచిపెట్టినది. వర్తకము పోయెను. మొదటి భార్య అన్నము లేక కన్నుమూసెను. అప్పుడాయన చేసిన పనులు రెండు సంప్రదాయము చెప్పుచున్నది: శిథిలమైయున్న పూర్వుల విఠలుని గుడిని బాగుచేసెను, తన కుటుంబమునకు ఊరివారు వ్రాసి యిచ్చిన అప్పుపత్రములలో తన వంతువానిని ఇంద్రాయణీ నదిలో విడిచెను. ఈ రెండవ పనిని మనవారు అంతగా స్మరింపరు. క్షామము తనకు నేర్పిన దేమన, ఆకలిగొన్నవాడు వ్రాసి యిచ్చిన పత్రము చెల్లదని. ఆ పిమ్మట జీవితాంతము ఆయన విఠలునితో కలహించుచునే పాడినాడు. నిష్ఠురములు, అలకలు, నిందలు ఆ అభంగములలో ఎన్నియో. భక్తి యనగా నోరు మూసికొనుట యని తలచువారు తుకారామును చదువలేదు.

దామాజీ కథయు ఇట్టిదే. బీదరు సుల్తానులకు లోబడిన మంగళవేఢలో ఆయన ఉద్యోగి. క్షామమున జనము మాడుచుండగా సర్కారు ధాన్యపు కొట్లు తెరచి పంచెను. సుల్తాను ఆగ్రహించి పిలిపించుకొనుచుండగా, విఠోబా ఒక మహారు వేషమున ముందుగనే బీదరు చేరి ఆ ధాన్యపు మూల్యము చెల్లించి రసీదు పుచ్చుకొనెనని కథ. ఇది విన్న తెలుగువానికి వెంటనే గోలకొండ చెర జ్ఞాపకము రాకపోదు. తానీషాకు ఆరులక్షల వరహాలు చెల్లించి రామలక్ష్మణులు గోపన్నకు రసీదు తెచ్చిన కథ మనకు ఉగ్గుపాలతో పోసినదే. మరాఠీవారు, తెలుగువారు ఒకరినుండి ఒకరు నేర్చిరో లేదో నేను చెప్పజాలను గాని, ఇరువురును దేవుని చేతికి శంఖచక్రములకంటె ముందు రసీదు నిచ్చిరి. శిస్తు బాకీలు, దండుగలు, జప్తులు మన పల్లెల మెడపై ఎన్ని శతాబ్దములు కత్తియై వ్రేలాడినవో ఈ రెండు కథలే చెప్పును. పేదవాడు దేవుని బంగారము అడుగలేదు; తన తరఫున సర్కారు ఖాతాలో జమ వేయించమని యడిగినాడు.

రసీదు మాట వచ్చినది గనుక, ఆ శుక్రవారము నేను కన్నులార చూచినదానిని చెప్పవలెను. మాటల నడుమ అతడు చొక్కా లోపలి జేబునుండి ఒక ప్లాస్టిక్ సంచిని తీసి విప్పెను. అందు మూడు కాగితములు. ఒకటి ఆధారు కార్డు నకలు, మడతలవద్ద చిరిగి టేపు అంటించినది. రెండవది తెల్లకాగితముపై వ్రాసికొన్న కౌలు ఒప్పందము. భూస్వామి సంతకము లేదు, మధ్యవర్తి వ్రేలిముద్ర మాత్రము కలదు. మూడవది కొమురవెల్లి దేవస్థానమువారు పట్నమునకిచ్చిన రసీదు. ఈ మూడింటిలో, ఆ సంవత్సరము సేద్యమునకు సంబంధించి అతని పేరున ఒక సంస్థ అచ్చుముద్ర వేసి యిచ్చినది ఆ మూడవది యొక్కటియే. పంట పోయినదని చెప్పుటకు అతనికడ ముద్రగల కాగితము లేదు. పంటకై మొక్కినదానిని తీర్చినట్లు మాత్రము కలదు.

నేను చెప్పదలచిన మాట ఇచ్చట మొదలగుచున్నది. పంట పోయిన రైతునకు ఈ దేశమున ఏర్పాటులు లేవని నేననను. కలవు. ఆ వరదనాటి రాష్ట్ర విపత్తు నిధి నిబంధనల ప్రకారము మూడవ వంతు, అనగా 33 శాతము, మించి పంట దెబ్బతిన్నచో వర్షాధారపు పైరునకు హెక్టారునకు 8,500 రూపాయలు, నీటివసతి గలదానికి 17,000 రూపాయలు, రెండు హెక్టారులకు మించకుండ ఈయవలెను. మూడంగుళములకు మించి ఇసుక మేటవేసిన పొలమును బాగుచేసికొనుటకు హెక్టారునకు 18,000 రూపాయలు ఈయవలెను. ఎకరాలలోనికి మార్చిన మెట్టపైరునకు వచ్చునది మూడున్నర వేలకు లోపలనే. ఆ వరదలలో రాష్ట్ర ప్రభుత్వము అంతకు మించి ఎకరాకు పదివేలు ప్రకటించినది, అందుకు సంతోషింపవలసినదే. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజననుండి తెలంగాణము 2020లో తొలగినది గనుక, ఆకేరు పొంగిన నాటికి ఇతని తలపై బీమా అను గొడుగు లేదు. 2018 మే నెలలో ఎకరాకు కారునకు నాలుగువేలతో మొదలై, అయిదువేలై, 2025 జనవరినుండి రైతు భరోసా అను పేర ఆరువేలైన పెట్టుబడి సాయము పట్టాదారు ఖాతాకు పోవును. దున్నినవాని ఖాతాకు పోదు. కౌలుదారునకు గుర్తింపు కార్డునిచ్చి, అప్పును పరిహారమును అందింపవలెనని 2011లో ఉమ్మడి రాష్ట్రమున భూఅధీకృత సాగుదారుల చట్టము చేసినారు. చట్టము పుస్తకమున నున్నది. కార్డు మాత్రము ఇతని ప్లాస్టిక్ సంచిలో లేదు.

ఒకవంక, ఈయని పంటకు కూడ ఇచ్చిన మాట తీర్చిన మనుష్యుడు. మరియొకవంక, చట్టముగా వ్రాసికొన్న మాటను ఇన్నేండ్లైనను తీర్చని మనము. ఇందు ఎవరు నమ్మదగినవారు? బ్యాంకువారు అప్పు నిచ్చుటకు పూర్వము మనుష్యుని చిత్తశుద్ధిని కొలువ నెంచుదురు గదా; కూలిచేసియైన తీర్చవలసిన అవసరము లేని బాకీని కూలిచేసి తీర్చిన ఇతనికంటె శుద్ధమైన ఖాతా ఏ శాఖలో కలదు? అయినను అతడు వారి దృష్టిలో రైతే కాడు. పత్తి ఇసుకలో పూడినను, పాస్‌పుస్తకము లేనందున ఆ పత్తి అతనిది కాదు.

గైబు అనగా అరబ్బీలో కానరానిది. తెలంగాణపు నోట “గాయబయిండు” అనునదియు ఆ ధాతువునుండి వచ్చినదే. కానరానివానిపేర వెలసిన ఈ పేటలో, దస్తావేజులనుండి గాయబైన మనుష్యుడు కూర్చుండి, కానరాని దేవునకు ఇచ్చిన మాటను లెక్క వేసికొనుచుండెను. ఆ లెక్కలో తేడా లేదు. తేడా మన లెక్కలోనే యున్నది.

విశ్వాసమే రైతును కాపాడునని చెప్పి చేతులు దులుపుకొనువారికి నేను ఒక్క సంవత్సరమును జ్ఞాపకము చేయుదును. 1997-98లో వరంగల్లు ప్రాంతమున అకాలవర్షములు, పురుగులు పత్తిని తినివేసినప్పుడు, ఆ పురుగుకై కొన్న మందునే త్రాగి చనిపోయిన రైతులు ఎందరు! వారికి విశ్వాసము తక్కువయా? వారి యిండ్లలోను మల్లన్న పటము కలదు, సమ్మక్క బెల్లము కలదు, పీరుల పండుగనాడు కట్టిన దట్టీ కలదు. విశ్వాసము అప్పులవాని నోటికి అడ్డుపడలేదు, మందుల దుకాణము బాకీని రద్దుచేయలేదు. అది మనుష్యుని వెన్నును నిలుపగలదు. వెన్నుపై మోపిన బరువును దింపవలసినవారు వేరు. మన కౌలురైతు ఈ భేదమును నాకంటె ముందే యెరుగును. “మల్లన్నతోని నాకు పంచాదిలేదు సారూ. పంచాది సర్కారుతోనే” అని, కాగితములను మరల సంచిలో మడచి పెట్టుకొనెను.

కొమురవెల్లి పోవుటకు సెలవు ఎట్లు దొరకెనని అడిగితిని. సెలవు అడుగుటకు భయపడి, రెండు దినములు నోరు మెదపలేదట. చివరకు ఉన్నమాట చెప్పగా, మక్కా పటము తగిలించిన ఆ యజమాని, “మన్నత్ అంటే కర్జ్. కర్జ్ పెట్టుకొని ఎందుకు తిరుగుతవు? పోయి రా” అని నాలుగు దినములు సెలవిచ్చి, రైలు ఛార్జి ముందుగా చేతిలో పెట్టెనట. 1970 మేలోను, మరల 1984 మేలోను మతకలహములలో కాలి, దేశమంతట అపకీర్తి మోసిన పట్టణమిది. ఆ కార్ఖానాలో ఆ మాట అన్నవాని వయస్సునుబట్టి చూడగా, ఆ రెండు మంటలను అతడు కన్నులార చూచియుండును. మొక్కు బాకీయని ఒకరు, మన్నత్ కర్జ్ అని యొకరు; అర్థము చేసికొనుటకు వారికి దుబాసీ అక్కరలేకపోయెను.

భీవండిలోను వాన తక్కువది కాదు. 2016 జూలై 31న ఇదే గైబీనగర్‌లో జీర్ణించిన రెండంతస్తుల భవనమొకటి కూలి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఇతడు పండుకొను ఖోలీ గోడలును చెమ్మెక్కి, సున్నము పెచ్చులూడి యున్నవి. వర్షకాలము రాకముందే ఇల్లు చేరవలెనని అతని తొందర. నేను వచ్చునప్పటికి వ్రేళ్ళు మడచి వేసికొనుచుండిన లెక్క అదియే: మిరుగమునకు ఎన్ని దినములున్నవి, ఆ లోపల ఎన్ని కూలిదినములు వచ్చును, అందు ఇసుక తీయించుటకు ఎంత, విత్తనమునకు ఎంత, కౌలునకు ఎంత. పత్తియే వేసెదవా అని యడుగగా, ఇసుక కలిసిన నేలలో ఈ యేడు పెసర చల్లి చూచెదనని చెప్పెను. కల్యాణులో కోణార్క్ ఎక్స్‌ప్రెస్సు పట్టుకొనిన, కేసముద్రము చేరునప్పుడు, క్రొత్తగా పోసిన ఆ రైలుకట్ట కిటికీలోనుండి కనబడునట.

సాయంకాలమైనది. రాత్రిపాలివారు ఒక్కొక్కరే వచ్చుచుండిరి. ఎవరో మీట నొక్కగా మూల సాంచా ఒకటి దడదడ మొదలు పెట్టెను, పిమ్మట రెండవది, మూడవది. అతడు లేచి, పొట్లము విప్పి, చిటికెడు బండారి తీసి భీము కొనకు రాచి, మిగిలినదానిని నుదుట పెట్టుకొని, కండెల పెట్టెను భుజమున కెత్తుకొనెను. ఏదియో చెప్పినాడు గాని మ్రోతలో నాకు వినబడలేదు. దగ్గరకు పోగా చెవివద్ద నోరు పెట్టి కేకవేసి మరల అడిగెను.

“సారూ, పేపర్ల రాస్తరు గద మీరు. ఆ కౌలు కార్డు ముచ్చట ఈసారన్న రాయున్రి.”